మా బావగారు కనిపెట్టిన ఖండాలు

మా బావగారు గత ఆదివారం ఉదయం ఇడ్లీలకూ కాఫీకీ నడుమ పశ్చిమాఫ్రికాలోని మాలి దేశాన్ని కనిపెట్టారు. ఉగాదికి ముందు రష్యాలోని తువాను, ఆ తరువాత ఎస్తోనియాను కనిపెట్టి ఉన్నారు కనుక ఈ పని ఆయనకు కొత్త కాదు. విజయవాడ సత్యనారాయణపురంలో రెండో అంతస్తు వరండాలో, పడక కుర్చీ దిగకుండా, చెవులకు రెండు డిప్పలు తగిలించుకుని ఆయన ఇప్పటికి పదిహేడు దేశాలను వెలుగులోకి తెచ్చారు. అక్కడి జనం అంతకుముందు నుంచీ ఉన్నారు కదా, పాడుకుంటూనే ఉన్నారు కదా అని ఎవరైనా అడిగితే అది శాస్త్రం తెలియనివారి మాట. సంగీతం పుట్టేది పాడినవాడి గొంతులో కాదు, మా బావగారి చెవిలో. ఆ చెవిన పడేదాకా అది వట్టి చప్పుడు.

ఈ వ్యాసం ఉద్దేశం ఆయనను ఎగతాళి చెయ్యడం కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. ఆయన సిద్ధాంతాన్ని లోకానికి ఒక పద్ధతిలో అందించే బాధ్యత ఎవరో ఒకరు తలకెత్తుకోవాలి గనుక, ప్రతి ఆదివారం వారింట భోంచేసే మనిషిగా ఆ రుణం నేను తీర్చుకుంటున్నాను, అంతే.

మాలి సంగతి చూడండి. పెద్ద ఆనపకాయ బుర్రను సగానికి కోసి, ఆవు తోలు బిగించి, 21 తీగలు కట్టిన కోరా అనే వాద్యాన్ని తుమానీ దియాబాతే అనే మహావిద్వాంసుడు రెండు బొటనవేళ్లతో, రెండు చూపుడువేళ్లతో వాయిస్తూంటే ముగ్గురు కూర్చుని వాయిస్తున్నట్టుంటుందని, ఆయన వంశం వారు తరతరాలుగా రాజుల కథలూ వీరుల కథలూ పాడుతూ వచ్చారని బావగారు నలభై నిమిషాలు చెప్పారు. చెప్పినదంతా నిజమే, వినిపించినదీ అద్భుతంగానే ఉంది. నేనే నోరు జారాను. మన తెలంగాణలో కిన్నెర అని ఒకటుందండీ, దానికీ ఎండిన బుర్రలే, వెదురు గొట్టం మీద 12 మెట్లు, దాని మీద పండుగ సాయన్న వీరగాథ పాడే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ కూడా ఇచ్చారు అన్నాను.

బావగారు చెవి డిప్పలు మెడలోకి దించి, నా వైపు జాలిగా చూశారు. "అది జానపదమోయ్. ఇది వరల్డ్ మ్యూజిక్."

బుర్ర రెండుచోట్లా బుర్రే. కాని కోరా బుర్రకు వరల్డ్ ఉంది, కిన్నెర బుర్రకు ఊరు మాత్రమే ఉంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందని నేను ఇంటికి వెళ్లి పరిశోధించగా, ప్రపంచం పుట్టిన తేదీ, స్థలం రెండూ దొరికాయి. 1987 జూన్‌లో లండన్ నగరంలో ఎంప్రెస్ ఆఫ్ రష్యా అనే పబ్బులో కొన్ని చిన్న రికార్డు కంపెనీలవారు సమావేశమయ్యారు. ఆఫ్రికా నుంచీ ఆసియా నుంచీ వారు తెచ్చే రికార్డులను దుకాణాలవారు ఏ అరలో పెట్టాలో తెలియక ఎక్కడో మూలన పడేస్తున్నారు. రాక్‌కు అర ఉంది, జాజ్‌కు అర ఉంది, మిగిలిన భూగోళానికి లేదు. అందుచేత పెద్దలందరూ కలిసి, చందాలు వేసుకుని, ఆ అర నెత్తిన అంటించడానికి వరల్డ్ మ్యూజిక్ అనే చీటీని ఖాయం చేశారు. ఆ చీటీ కింద ఇమిడినదే ప్రపంచం. గ్రామీ అవార్డులవారు 2020లో దానిని గ్లోబల్ అని మార్చారు. ఆ వార్త విన్న రోజునే బావగారు కూడా తమ బీరువా మీద చీటీ చించి కొత్తది అంటించారు.

ఆ బీరువా గురించి కొంత వివరంగా చెప్పాలి. అద్దాల తలుపుల వెనుక పై అరలో, ముఖమల్ గుడ్డ మీద, ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న సీడీ ఒకటుంది. ఇంగ్లీషు రాక్ గాయకుడు పీటర్ గాబ్రియేల్ స్థాపించిన రియల్ వరల్డ్ అనే సంస్థ 1994లో విడుదల చేసినది. దానిని ముట్టుకోవాలంటే చేతులు కడుక్కోవాలి. వాయించినది ఎవరయ్యా అంటే యు.శ్రీనివాస్. మన పాలకొల్లులో 1969లో పుట్టి, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక గమకాలు పలుకుతాయా అని అనుమానించిన పెద్దలందరి చేతా పసితనంలోనే తల ఊపించిన ఆ శ్రీనివాసే. అదే బీరువా అడుగు సొరుగులో, కుట్టు మిషను నూనె సీసా పక్కన, మా అక్క పెళ్లికి సారెతో పాటు తెచ్చుకున్న క్యాసెట్టు ఉంది. అందులో వాయించినదీ ఆయనే. విజయవాడ నుంచి పాలకొల్లు వెళ్లాలంటే బస్సులో మూడు గంటలు చాలు. బావగారు మాత్రం లండన్ మీదుగా వెళ్లారు. దారి దూరమైనా చేరిన పాలకొల్లు మేలైనదని ఆయన అభిప్రాయం.

తువా, ఎస్తోనియాలను గురించి క్లుప్తంగా చెబుతాను. ఒకే గొంతులో ఒకేసారి రెండు స్థాయిలు పలికించే తువా గాయకుల విద్యను ఆయన స్నానాల గదిలో సాధన చేసిన వారంలో, పంపు పాడైందేమోనని వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి తలుపు తట్టాడు. ఎస్తోనియావాడైన ఆర్వో పార్ట్ చిరుగంటల నాదాన్ని తలపించే పద్ధతిలో స్వరరచన చేస్తాడు గనుక, ఆయనను కనిపెట్టిన నెలంతా అక్క పూజగదిలో గంటను నిదానంగా, మధ్యమధ్య నిశ్శబ్దానికి చోటిస్తూ కొట్టవలసి వచ్చింది.

కాని బావగారి ఖ్యాతి ప్రధానంగా సమకాలీన సంగీతం మీద నిలబడి ఉంది. ఇక్కడ ఆయన సూత్రం మరింత సూక్ష్మమైనది: మన సరుకు మనకు ముట్టాలంటే ముందు అది ఎగుమతి కావాలి. శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో సంగీతరత్నాకరంలో 120 దేశీతాళాలు రాసిపెట్టాడు. ఆ సంగతి మా తాతగారు చెప్పబోతే బావగారు ఆవులించారు. ఆ తాళాలనే ఫ్రెంచి స్వరకర్త మెస్సియాన్ తవ్వి తీసి, తన మహాసింఫనీకి తురంగలీల అని సంస్కృతంలో పేరు పెట్టి, 1949లో బోస్టన్‌లో మొదటిసారి వినిపించాడని తెలిసిన తరువాత, దేశీతాళాలంటే బావగారికి ఒళ్లు గగుర్పొడుస్తోంది. కాలనీ గుడిలో గీతా ప్రవచనం వినలేక చెప్పులు వెతుక్కుంటూ మధ్యలో లేచి వచ్చిన మనిషి, అమెరికా స్వరకర్త ఫిలిప్ గ్లాస్ భగవద్గీత శ్లోకాలతో కూర్చిన సత్యాగ్రహ అనే ఆపెరా 1980లో రోటర్‌డామ్‌లో ప్రదర్శించారని తెలుసుకుని, సంస్కృతాన్ని డచ్చివారు విన్నంత శ్రద్ధగా ఎవరూ వినలేదని కళ్లు తుడుచుకున్నారు. మరో అమెరికా స్వరకర్త టెర్రీ రైలీ 1964లో 53 చిన్న పలుకులతో గంటకు పైగా సాగే కృతిని నిర్మించిన పొదుపును ఆయన వేనోళ్ల పొగుడుతారు. ఇదే విజయవాడలో పెరిగిన బాలమురళీకృష్ణ నాలుగే స్వరాలతో లవంగి రాగం పాడితే మాత్రం, మిగతావి ఏమయ్యాయి అని అడిగినవారిలో ఆయనొకరు.

ఇక జాన్ కేజ్. పియానో తీగల నడుమ మరలూ రబ్బరు ముక్కలూ బిగించి వాయించిన ఈ అమెరికా స్వరకర్త, 1940లలో గీతా సారాభాయి వద్ద మన సంగీతం సంగతులు తెలుసుకుని, రసాల ప్రేరణతో ఒక కృతుల మాలనే కూర్చాడు. బావగారికి శృంగారం నుంచి శాంతం దాకా నవరసాలూ ఆ మరల మధ్య నుంచే మొదటిసారి వినిపించాయి. ఆ ఉత్సాహంలో ఆయన, కేజ్ 1952లో లోకానికి ఇచ్చిన సుప్రసిద్ధ నిశ్శబ్ద కృతిని తమ ఇంట ప్రదర్శించ నిశ్చయించారు. నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్ల పాటు, మూడు అంకాలుగా, వాద్యకారుడు ఏమీ వాయించకుండా కూర్చోవడమే ఆ కృతి. ఆ సమయంలో హాల్లో వినిపించే దగ్గు, కుర్చీ కిర్రుమనడం, బయటి గాలి, ఇవే సంగీతమని కేజ్ సిద్ధాంతం.

ఆహూతులం ఐదుగురం. అమెరికాలో అడవి మధ్య చావడిలో జరిగిన మొదటి ప్రదర్శనలో పియానో వాద్యకారుడు డేవిడ్ ట్యూడర్ అంకం మొదలయినప్పుడల్లా పియానో మూత మూసి, ముగియగానే తెరిచాడట. మేనకోడలి కీబోర్డుకు మూత లేదు కనుక బావగారు దాని మీద తుండుగుడ్డ కప్పి, ఫోనులో గడియారం పెట్టి, కళ్లు మూసుకున్నారు. ముప్పై సెకన్లయినా గడవకముందే వంటింట్లో కుక్కరు మొదటి విజిల్ వేసింది. తుండుగుడ్డ తీసి మళ్లీ కప్పేసరికి కింద సందులో పాత పేపర్లు, ఇనుప సామాన్ల బండి వచ్చి, దాని మైకు ఒకే వాక్యాన్ని పదకొండుసార్లు వినిపించింది. రెండో విజిల్. బావగారి కణత మీద నరం ఉబ్బింది. మూడో అంకంలో మూడో విజిల్ పడగానే ఆయన కళ్లు తెరిచి, "ఈ ఇంట్లో సంగీతం వినే యోగం లేదు" అని గర్జించారు.

సిద్ధాంతం ప్రకారం ఆ విజిలే సంగీతం కదండీ, అంకానికొకటి చొప్పున ఎంత పద్ధతిగా పడ్డాయో చూశారా అని నేను వినయంగా మనవి చేశాను. అమెరికా అడవిలోని చావడిలో వచ్చే చప్పుడు వేరు, కందిపప్పు చప్పుడు వేరు అని తేల్చారు. ఈలోగా అక్క పొయ్యి కట్టేసింది, బండి మలుపు తిరిగింది, ఇల్లంతా సద్దుమణిగింది. అప్పటికి కృతి అయిపోయి పది సెకన్లయింది.

సమకాలీనంలో ఇంత ఔదార్యం చూపే బావగారు కర్ణాటక సంగీతం దగ్గరకు వచ్చేసరికి మడి కట్టుకుంటారు. కలగాపులగం ఆయనకు గిట్టదు. వయొలిన్‌ను తెల్లవాళ్ల దగ్గర నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చినవారిలో బాలుస్వామి దీక్షితులు ముఖ్యుడన్న సంగతి ఆయన ముందు ఎత్తకూడదు. పోయిన దసరాలో అపార్టుమెంటు బొమ్మల కొలువు దగ్గర ఎనిమిదేళ్ల పాప సంతతం పాహిమాం పాడింది. బావగారు మధ్యలోనే ముఖం మాడ్చుకుని, పాట కాగానే సంగీతం పంతులమ్మగారిని నిలదీశారు.

"దీక్షితులవారి సాహిత్యాన్ని ఇంగ్లీషు రాజుగారి జాతీయగీతం వరసకు కట్టిన మహానుభావులెవరండీ?"

"దీక్షితులవారేనండీ" అన్నారామె, పాపకు ప్రసాదం పెడుతూ.

ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) కంపెనీ వారి బ్యాండు మేళాల వరసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చి, దాదాపు నలభై నొట్టుస్వరాలు శంకరాభరణంలో రాసిపెట్టారని, పిల్లలకు నేర్పేది వాటినేనని ఆమె చెబుతూంటే బావగారు తాంబూలం పుచ్చుకుని మెట్లెక్కేశారు. ఆ రాత్రే నాకు ఫోను చేసి కొత్త సూత్రం చెప్పారు. నూరేళ్లు దాటిన కలగాపులగం సంప్రదాయం, దాటనిది భ్రష్టత్వం, విదేశంలో జరిగితే వరల్డ్. నేను రాసుకున్నాను.

మాలికి మాత్రం ఆయుష్షు చాలలేదు. బుధవారం నాడు పక్క ఫ్లాటు కుర్రవాడి ఫోను మోగితే అందులో కోరా వినిపించిందట. తెల్లవారేసరికి మాలి సీడీ అడుగు సొరుగులో, నూనె సీసా పక్కన, అక్క క్యాసెట్టుకు తోడుగా చేరింది. ఇప్పుడాయన ఫారో దీవుల గురించి వాకబు చేస్తున్నారు.

నిన్న సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని సభకు తీసుకువెళ్లారు. దారి పొడుగునా ఒకే కథ. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో బంగ్లాదేశ్ కోసం జరిగిన కచేరీలో రవిశంకర్ సితారు శ్రుతి చేసుకుంటూంటే అదే కచేరీ అనుకుని వేలమంది చప్పట్లు కొట్టారని, శ్రుతి చేసుకోవడమే మీకింత నచ్చితే వాయించడం ఇంకా నచ్చుతుందనుకుంటాను అని ఆయన చురక వేశారని చెప్పి, పాశ్చాత్యుల అజ్ఞానానికి ఆటోలో పగలబడి నవ్వారు. మేము వెళ్లేసరికి తెర లేచి ఉంది. మృదంగ విద్వాంసుడు తలవంచుకుని, చేతిలోని గులకరాయితో మృదంగం అంచు మీద ఒకచోట టక్కున కొట్టి, చెవి ఒగ్గి, కొంచెం తిప్పి మళ్లీ కొట్టాడు. బావగారు అప్పటికే కళ్లు మూసుకున్నారు. నాలుగో దెబ్బకు "ఆహా" అన్నారు, ఆరో దెబ్బకు తొడ మీద తాళం వేశారు. ఇది ఖండ నడక, గమనించావా అని నా చెవిలో గుసగుసలాడారు. మా వరసలో మరో ఇద్దరు తలలు ఊపడం మొదలుపెట్టారు. పక్కన కూర్చున్న పాపానికి నేనూ ఊపాను.