రేసు సైకిలా, రోజూ తొక్కే సైకిలా?

మరిది తన మొదటి రోడ్ బైక్ కొనబోతున్నాడు. ప్రొఫెషనల్ జట్లు వాడే తరహా ఏరో రేస్ బైక్, అంటే గాలిని సులువుగా చీల్చేలా మలచిన సైకిల్ మీద మనసు పడ్డాడు. వదిన ఏళ్లుగా 200, 300 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సవారీలు, తొక్కుతున్న మనిషి. ఆ సైకిల్ వద్దంటోంది. నా మొగ్గు వదిన వైపే. కానీ మరిది వేసిన ఒకటి రెండు ప్రశ్నలకు ఆమె దగ్గర పూర్తి జవాబు లేదు, నా దగ్గరా లేదు. వాటిని పలచన చేయకుండా అలాగే ఉంచాను.

మరిది: వదినా, తేల్చేసుకున్నాను. ఏరో ఫ్రేమ్, లోతైన రిమ్ములు, 56 సైజు. మీరు ఊ అంటే ఆర్డర్ పెట్టేస్తాను.

వదిన: 56 అని ఎవరు చెప్పారు?

మరిది: నా ఎత్తుకి చార్టులో అదే ఉంది.

వదిన: చార్టుకి నీ ఎత్తు ఒక్కటే తెలుసు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడుగు, ఇంకొకరికి నడుము పైభాగం పొడుగు. ఇద్దరికీ ఒకే ఫ్రేమ్ ఎలా సరిపోతుంది? పైగా 56 అంటే అన్ని కంపెనీల్లోనూ ఒకటే కొలత కాదు. నువ్వు చూడాల్సింది స్టాక్, రీచ్. పెడల్ కాడలు తిరిగే ఇరుసు (బాటమ్ బ్రాకెట్) నడిమి నుంచి హ్యాండిల్ కిందుండే ముందు గొట్టం (హెడ్‌ట్యూబ్) పై అంచు దాకా నిలువుగా ఎంత ఎత్తుందో అది స్టాక్. అక్కడికే అడ్డంగా ఎంత దూరముందో అది రీచ్. ఏ కంపెనీ సైకిళ్లనైనా పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఈ రెండు అంకెలే పనికొస్తాయి. నువ్వు చూసిన దాని స్టాక్ ఎంత?

మరిది: ఉండండి... 560 మిల్లీమీటర్లు.

వదిన: అదే సైజులో ఎండ్యూరెన్స్ బైక్, అంటే దూరాలు హాయిగా తొక్కడానికి చేసినది తీసుకుంటే 590 దరిదాపుల్లో ఉంటుంది. మూడు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. మొదటి గంటలో నీకు తేడా తెలియదు కూడా. నాలుగో గంటలో మెడ పట్టేస్తుంది, అరచేతులు తిమ్మిరెక్కుతాయి, హ్యాండిల్ కింది వంపులు, అదే డ్రాప్స్, పట్టుకోవడమే మానేస్తావు. కింద పట్టుకోలేని హ్యాండిల్ ఎంత కిందికుంటే ఏం లాభం?

మరిది: హ్యాండిల్ కింద స్పేసర్లు, అంటే రింగులు, వేసి పైకి లేపుకుంటాను.

వదిన: వేసుకోవచ్చు, ఒక హద్దు దాకా. ముందు ఫోర్కు నుంచి పైకొచ్చే కార్బన్ గొట్టం (స్టీరర్) మీద ఎంత మందం స్పేసర్లు పెట్టొచ్చో తయారుచేసినవాళ్లే చెప్తారు, దాన్ని దాటకూడదు. అసలు మొదటి రోజే ఆ హద్దు దాకా స్పేసర్లు పేర్చాల్సి వస్తే, ఆ ఫ్రేమ్ నీది కాదన్నమాట.

మరిది: మీరు గాలి సంగతి మర్చిపోతున్నారు. చదును రోడ్డు మీద వేగం అందుకున్నాక మన కష్టంలో చాలా భాగం గాలిని చీల్చడానికే పోతుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, దానికి కావలసిన శక్తి ఘనంతో పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల నుంచి 36కి వెళ్లాలంటే వేగం ఐదో వంతే పెరిగినట్టు, గాలికి పెట్టాల్సిన శక్తి మాత్రం 70 శాతానికి పైగా పెరుగుతుంది. ఇది భౌతికశాస్త్రం వదినా, ప్రకటన కాదు.

వదిన: భౌతికశాస్త్రమే. అయితే ఆ గాలికి అడ్డు పడేది ఎవరు? మొత్తం నిరోధంలో దాదాపు ముప్పావు వంతు నీ శరీరానిది, మిగిలినదే సైకిల్‌ది. కాబట్టి నువ్వు ఎంతసేపు వంగి కూర్చోగలవన్నది ఫ్రేమ్ గొట్టాల ఆకారం కన్నా చాలా పెద్ద విషయం. హాయిగా వంగగలిగే సైకిల్ మీద మోచేతులు మడిచి రెండు గంటలుంటే, ఏరో ఫ్రేమ్ మీద నిటారుగా లేచి కూర్చున్నవాడికన్నా నువ్వే ముందుంటావు. నీ లెక్కే నా వైపు సాక్ష్యం చెప్తోంది.

మరిది: శరీరం అలవాటు పడదా? ఇప్పుడు వంగలేనివాడు ఆరు నెలలు తొక్కితే వంగుతాడు. నడుము, పొట్ట కండరాలు గట్టిపడతాయి, తుంటి దగ్గర బిగువు తగ్గుతుంది. ఇవాళ్టి ఒంటికి కొలతలు తీసి కొనిపిస్తే ఏడాది తిరిగేసరికి ఆ సైకిల్ నాకు పొట్టిదైపోతుంది, సారీ, ఎత్తైపోతుంది. అప్పుడు సగం ధరకి అమ్మి మళ్లీ కొనాలి. ఆ నష్టం మీ లెక్కలో ఎక్కడుంది?

వదిన: ఎత్తున్న హ్యాండిల్‌ని దించడం సులువు. స్పేసర్లు తీసెయ్, హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్‌ని తలకిందులుగా తిప్పు, కాస్త పొడుగు స్టెమ్ వెయ్. కొన్ని సెంటీమీటర్లు అలాగే దిగుతాయి. తక్కువ స్టాక్ ఉన్నదాన్ని పైకి లేపడమే కష్టం. రెండు వైపులా దారి ఉన్నదాన్ని కొనమంటున్నాను, అంతే.

మరిది: సరే, దానికి ఒప్పుకుంటాను. ఇంకోటి అడుగుతాను, కోప్పడకండి. మీరు "అవసరం, అవసరం" అంటున్నారు. మొదటిసారి కొనేవాడికి తన అవసరం ఏంటో ఎలా తెలుస్తుంది? నేను బ్రెవేలు తొక్కుతానో, ఆదివారం గుంపుతో పోటీపడతానో, రేసుల్లోకి దిగుతానో నాకే తెలియదు. తొక్కితేనే తెలుస్తుంది. తొక్కాలంటే చూడగానే మనసు లాగే సైకిల్ ఉండాలి. తెల్లవారుజామున నన్ను మంచం మీంచి లేపేది స్టాక్, రీచ్ కాదు. బుద్ధిగా, కొలతల ప్రకారం కొన్న సైకిళ్లు ఎన్ని గోడకి వేలాడటం లేదు?

వదిన: వేలాడుతున్నాయి. కాదనను. మనసు లాగని సైకిల్ కొనమని నేనూ చెప్పను.

(మరిది మాటల్లో నాకు బాగా తగిలింది ఇదే. కొలతలన్నీ సరిపోయి ఇష్టం లేకుండా కొన్న సైకిల్ కూడా తప్పు కొనుగోలే. వదిన దీన్ని దాటవేయకుండా ఒప్పుకోవడం నాకు నచ్చింది.)

వదిన: కానీ నీకు అస్సలు తెలియదన్నది నిజం కాదు. ఇప్పుడు హైబ్రిడ్ తొక్కుతున్నావుగా. వారానికి ఎన్నిసార్లు బయటికెళ్తున్నావో తెలుసు. ఏ రోడ్డు మీద వెళ్తున్నావో తెలుసు, అది ఎంత గరుకో తెలుసు. ఎత్తు వస్తే దిగి నడుస్తున్నావో, ఎక్కేస్తున్నావో తెలుసు. వానలో వెళ్తావో లేదో తెలుసు. వెనకాల సంచి కట్టుకుని ఆఫీసుకి వెళ్లాలని ఉందో లేదో తెలుసు. వీటిలోంచే సైకిల్ పుడుతుంది. ఇవి వదిలేసి ఎప్పుడో దిగబోయే రేసు గురించి ఆలోచించడం నేల విడిచి సాము చేయడమే.

గేర్లే తీసుకో. నువ్వు చూసినదానికి ముందు రెండు పళ్ల చక్రాలకి 52, 36 పళ్లు (52/36), వెనక వాటికి 11 నుంచి 30 దాకా (11-30). అంటే నీ చేతిలో ఉన్న అన్నిటికన్నా తేలిక గేరు 36/30, నిష్పత్తి 1.2. నీతో కలిపి సైకిల్ బరువు 85 కిలోలు అనుకుందాం. ఎనిమిది శాతం ఎత్తు మీద నిమిషానికి 70 చుట్లు తొక్కాలంటే గంటకు పదిన్నర కిలోమీటర్ల వేగం ఉండాలి, దానికి 210 వాట్ల దాకా కావాలి. ముందు 50/34, వెనక 11-34 పెట్టుకుంటే తేలిక గేరు సరిగ్గా ఒకటికి ఒకటి. అవే 70 చుట్లకి వేగం తొమ్మిదికి కాస్త లోపు, 175 వాట్లు చాలు. ఆ 35 వాట్ల తేడా నీలాంటి కొత్తవాడికి అరగంట ఎక్కగలగడానికీ, పది నిమిషాల్లో మోకాళ్లు పట్టుకుని ఆగిపోవడానికీ మధ్య ఉన్న తేడా. దీన్ని కొన్నాక మార్చుకోవచ్చు, నిజమే. కానీ పెద్ద క్యాసెట్, అంటే వెనక పళ్ల చక్రాల గుత్తి, వేయాలంటే గొలుసుని గేరు నుంచి గేరుకి జరిపే వెనక డిరేలర్ దాన్ని మోయగలగాలి, గొలుసు పొడవు మార్చాలి. కొనేటప్పుడే అడిగి మార్పించుకుంటే సరిపోయే పని.

టైర్ల సంగతి గేర్లకన్నా ముఖ్యం. ఒకప్పుడు అందరూ 23 మిల్లీమీటర్ల టైరులో ఎనిమిది బార్ గాలి కొట్టి, గట్టిగా ఉంటేనే వేగం అనుకున్నారు. నున్నటి ట్రాక్ మీద అది నిజం. మామూలు రోడ్డు మీద అంత గట్టి టైరు ప్రతి గరుకు మీదా సైకిల్‌ని, నిన్ను పైకి ఎగరేస్తుంది. ఆ కుదుపంతా నీ ఒంట్లో కండరాలు మింగుతాయి, ఆ శక్తి ముందుకు పోదు. అందుకే రేసు జట్లే 25కి, అక్కడి నుంచి 28కి, ఇంకా పైకి వెళ్లాయి. నువ్వు మోజు పడ్డ రేసర్లే లావు టైర్ల వైపు వస్తుంటే నువ్వు వెనక్కి వెళ్తానంటావేంటి? ఫ్రేమ్‌లో, ఫోర్కులో కనీసం 32 పట్టాలి. ఇవాళ 28 వేసుకో, పరవాలేదు. ఏ భాగాన్నైనా తర్వాత మార్చొచ్చు గానీ, ఫ్రేమ్‌లో లేని ఖాళీని ఎవరూ కొని తెచ్చి పెట్టలేరు.

మరిది: గుక్క తిప్పుకోండి వదినా. టైర్ల విషయం ఒప్పేసుకున్నా. నేను చూసినదానికి 30 దాకా పడుతుంది.

వదిన: 30 అంటే ఇరుకు. మడ్‌గార్డు పెడితే అదీ పట్టదు.

మరిది: మడ్‌గార్డు పెట్టే మొహమేనా అది! సరే, బరువు? కొండ ఎక్కేటప్పుడు మీ ఎండ్యూరెన్స్ బైక్ కిలో ఎక్కువ ఉంటుంది.

వదిన: మొత్తం 85 కిలోల్లో ఒక కిలో. ఒకటింబావు శాతం కన్నా కాస్త తక్కువే. గంటసేపు ఎక్కే కొండ మీద 40 సెకన్లు. రేసులో 40 సెకన్లు చాలా పెద్దవి, ఆ ఇష్టం నాకు అర్థమవుతుంది. కానీ రేసులో కూడా 6.8 కిలోలకన్నా తేలిక సైకిల్‌ని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఒప్పుకోదు, 2000 నుంచి ఆ రూలుంది.

మరిది: ఇంకో దారి ఉంది. కొత్తది అక్కర్లేదు. నాలుగేళ్లు వాడిన మంచి కార్బన్ రేస్ బైక్ ఒకటి అమ్మకానికొచ్చింది, దాదాపు కొత్త అల్యూమినియం ధరకే.

వదిన: వాడిన కార్బనా? ముందు రోజు దాకా బాగుండి మర్నాడు పుటుక్కున విరుగుతుంది. నా మాట విని అల్యూమినియం తీసుకో.

మరిది: ఇది మాత్రం మీరు పాత మాట చెప్తున్నారు. పదేపదే పడే భారానికి అలసిపోయేది అల్యూమినియమే. ఎంత చిన్న భారమైనా లెక్కలేనన్నిసార్లు పడితే పగులు రావచ్చు, దానికి అలసట హద్దంటూ లేదు. బాగా తయారైన కార్బన్ ఆ విషయంలో చాలా గట్టిది. దాన్ని దెబ్బతీసేది పడిపోవడం, క్లాంపులు అతిగా బిగించడం. పైగా కార్బన్ పగిలితే బాగుచేసేవాళ్లున్నారు, పలచటి అల్యూమినియం ఫ్రేమ్ పగిలితే పారేయడమే.

వదిన: ...అది నిజమే. అల్యూమినియం గురించి నువ్వన్నది కాదనలేను. కానీ అల్యూమినియం దెబ్బ తింటే సొట్ట కనిపిస్తుంది. కార్బన్‌కి దెబ్బ లోపల ఉండి, పైన రంగు మెరుస్తూనే ఉండొచ్చు. అమ్మేవాడు పడిపోయాడో లేదో నీకెవరు చెప్తారు?

మరిది: టార్చి వేసి చూస్తాను. బాటమ్ బ్రాకెట్ చుట్టూ, హెడ్‌ట్యూబ్ దగ్గర, వెనక చక్రం పక్కనుండే గొట్టాల మీద. నాణెంతో తట్టి చూస్తాను, ఒక్కచోట శబ్దం మొద్దుగా ఉంటే వదిలేస్తాను.

వదిన: సీటు కింది కడ్డీ ఫ్రేమ్‌లోంచి బయటికొస్తుందో లేదో కూడా చూడు, చెమటకి, ఉప్పుకి అంటుకుపోయి ఉండొచ్చు. గొలుసుకి గేజీ పెట్టు. 0.75 శాతం దాటి సాగిందంటే క్యాసెట్ కూడా పళ్లు అరిగే ఉంటుంది, ఆ ఖర్చు ధరలో తగ్గించమను. ఇంకో ముఖ్యమైనది. బ్రేకు గొట్టాలు హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల చోటు, లోంచి వెళ్తున్నాయా?

మరిది: ఆ, బయట ఒక్క తీగ కనిపించదు. ఎంత బాగుంటుందో!

వదిన: బాగుంటుంది. హెడ్‌సెట్ బేరింగ్ పోయిన రోజు తెలుస్తుంది. పది నిమిషాల పనికి హైడ్రాలిక్ గొట్టాలు విప్పి, మళ్లీ ఆయిల్ నింపి, గాలి బుడగలు తీయాలి. స్టెమ్ మార్చాలన్నా చాలా వాటిలో అదే తంతు. ఇందాక ఆరు నెలల్లో వంగుతానన్నావు, అప్పుడు హ్యాండిల్ దించాలంటే ప్రతిసారీ మెకానిక్ దగ్గరికే పరుగు. శరీరం మారుతుందని వాదించినవాడు మార్చడానికి వీల్లేని సైకిల్ ఎలా కొంటాడు?

మరిది: ...అది ఆలోచించలేదు.

వదిన: ఇద్దరం ఎక్కడికో వెళ్లిపోయాం. సైజు దగ్గర మొదలుపెట్టాం.

మరిది: సైజుకే వద్దాం. కానీ నా మాట ఒకటి మిగిలే ఉంది. మీరు చెప్పే సైకిల్ తప్పులు చేయనివ్వదు, నిజమే. కానీ మలుపులో ఇలా అనగానే అలా తిరిగే చురుకు దానికి లేదు. దాని చక్రాల మధ్య దూరం ఎక్కువ, నిదానంగా తిరుగుతుంది. అందరికీ ముందుజాగ్రత్త సైకిలే అంటగడితే, రేసు మనిషి కాగలిగినవాడు కూడా ఎప్పటికీ తనకా సంగతి తెలియకుండానే ఉండిపోతాడు. మీరు తొక్కేది దూరం కాబట్టి అందరికీ దూరపు సైకిలే సరైనదనిపిస్తోంది.

వదిన: ఉండొచ్చు. 200 కిలోమీటర్లకి 13.5 గంటల గడువున్న ఆటలో తిరిగినదాన్ని, నా కన్ను అటే పోతుంది. చురుకు విషయంలో నీతో వాదించను, అది తొక్కినవాడికే తెలియాలి. అందుకే వినమనడం లేదు, తొక్కి చూడమంటున్నాను. రెండు సైకిళ్లూ తొక్కి చూడటానికి తీసుకో. రెండిటికీ సీటు ఎత్తు ఒకేలా పెట్టు. తొడల సంధి నుంచి నేల దాకా కొలిచి 0.883తో గుణించు. మూడుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన గ్రెగ్ లెమాండ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క అది. బాటమ్ బ్రాకెట్ నడిమి నుంచి సీటు పైదాకా అంత ఎత్తు. మొదలుపెట్టడానికి చాలు, తర్వాత మోకాలు ఎలా ఉందో చూసి కాస్త అటూ ఇటూ జరుపుకో. టైర్లలో గాలి కూడా నీ బరువుకి తగ్గట్టే కొట్టించు, లేకపోతే సైకిల్‌ని కాదు, గాలిని పోల్చినట్టవుతుంది. ఒక్కోదాని మీద గంటకి తక్కువ కాకుండా తొక్కు, అందులో చివరి పావుగంట డ్రాప్స్ మీదే.

మరిది: ఆ పావుగంట రేస్ బైక్ మీద హాయిగా గడిస్తే?

వదిన: కొనుక్కో. గేర్లు మాత్రం 50/34, 11-34కి మార్పించుకో.

మరిది: గడవకపోతే మీ ఎత్తు హ్యాండిల్ దాన్ని ప్రేమిస్తానని మాటివ్వలేను.

వదిన: మాట వద్దు. రెండిటికీ వెనక 32 టైరు పడుతుందో లేదో అడిగి రా.