ఎంఎస్ ఉన్నవాళ్ల ముఖం ఎర్రబడితే: ఆ మెసేజ్‌లో ఏది తప్పు

ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్) అంటే ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు. ఆ పేషెంట్ల కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ఎండలు ముదిరేకొద్దీ ఇంకా ఎక్కువైంది. దాని సారం ఇది: "మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నోళ్లకు ఉన్నట్టుండి మొఖం ఎర్రగై మంట పుడితే అటాక్ మొదలైనట్టే. మందు పడలేదని అర్థం, వెంటనే అన్నీ ఆపండి. ఒంట్లో వేడి దిగేందుకు చలువ చేసేవి తాగండి. మళ్లా మొదలుపెడితే పరగడుపున వేసుకోండి, రోజుకో యాస్పిరిన్ తోడు పెట్టుకోండి." చల్ల తాగితే ఎవరికీ నష్టం లేదు. యాస్పిరిన్ మాటలో సగం నిజముంది. మిగతాది నమ్మితే ప్రమాదమే.

"అటాక్ మొదలైనట్టే." కాదు. చూపు మసకబారడం, కాలు ఈడ్చుకుపోవడం, ఒక పక్క తిమ్మిరెక్కడం లాంటి నరాల లక్షణం కొత్తగా వచ్చి, జ్వరమో ఇన్ఫెక్షనో లేకుండా కనీసం 24 గంటలు ఉంటేనే దాన్ని అటాక్ అంటారు. ముఖం ఎర్రబడటమంటే చర్మంలోని సన్నని రక్తనాళాలు వెడల్పవడం. గంటలో వచ్చిపోయే ఎరుపు ఒక్కటే ఉంటే దాన్ని అటాక్ అనరు.

"మందు పడలేదు, ఆపండి." అసలు తగువంతా ఇక్కడే. ఎంఎస్‌లో కారణం తెలియకుండా ముఖం ఎర్రబడుతోందంటే ముందు చూడాల్సింది గడియారం. ఎంఎస్ అటాక్‌లు తగ్గించే డైమిథైల్ ఫ్యూమరేట్ క్యాప్సూల్ వాడేవాళ్లలో మింగిన అరగంటకు అటూఇటూగా చెవులు, బుగ్గలు, మెడ, ఛాతీ పైభాగం వేడెక్కి ఎర్రబడతాయి. దురద, మంట కూడా ఉండొచ్చు. గంట, గంటన్నరలో దిగిపోతుంది. అమెరికాలో 2013లో అనుమతికి ఆధారమైన పరీక్షల్లో ఈ మందు వాడినవాళ్లలో 100కి 40 మందికి ఇలా అయింది, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 6 మందికి. దీని వల్ల మందు మానేసింది 100కి ముగ్గురే. ఈ మందు చర్మంలోని నియాసిన్ (బి3 విటమిన్) గ్రాహకాన్ని తట్టి ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను విడుదల చేయిస్తుంది, నాళాలు వెడల్పవుతాయి. మామూలుగా ఇది అలర్జీ కాదు. చాలామందికి మొదటి నెల దాటేసరికి తగ్గుతుంది.

ఈ క్యాప్సూల్ మొదటి 7 రోజులు 120 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎనిమిదో రోజు నుంచి 240 రెండుసార్లు. మోతాదు రెట్టింపయ్యే ఆ రోజుల్లో ఎరుపు ఎక్కువైతే బెదిరిపోవద్దు. తట్టుకోలేకపోతే డాక్టర్ కొన్నాళ్లు 120కి దించి, 4 వారాల్లోపు మళ్లీ 240కి తెస్తారు. మానేయడం కన్నా అది నయం.

మానేస్తే జరిగేది మరీ మోసం: మర్నాటికి ముఖం చల్లబడుతుంది, ఇంకేమీ కాదు. మెసేజ్ నిజమేననిపించేది అందుకే. అటాక్ ఎప్పుడో నెలల తర్వాత వస్తే ఎవరూ దీనితో ముడిపెట్టరు. పైగా "అన్నీ ఆపండి" అనేవాళ్లకు ఆ 'అన్నీ'లో ఏమున్నాయో తెలియదు. బిగుసుకున్న కాళ్లకు వాడే బాక్లోఫెన్ ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ రావొచ్చు. అటాక్‌లు తగ్గించే మరో మందు ఫింగోలిమాడ్ ఆపితే కొందరికి జబ్బు మునుపటికన్నా తీవ్రంగా తిరగబడుతుంది.

మిగతా ఎంఎస్ మందులకూ దేని టైం దానికుంది. అటాక్ వచ్చినప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ మిథైల్ ప్రెడ్నిసలోన్ రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు ఎక్కిస్తే ముఖం ఎర్రబడటం మామూలే. నిద్ర పట్టదు, నోరు చేదవుతుంది, షుగర్ పెరుగుతుంది. గ్లాటిరమర్ ఇంజెక్షన్ తర్వాత నిమిషాల్లోనే ఎరుపు, గుండెదడ, ఛాతీ పట్టేయడం వచ్చి తగ్గిపోవచ్చు. తగ్గకపోయినా, పెరుగుతున్నా ఇంట్లో కూర్చోవద్దు. రిటుక్సిమాబ్ ఎక్కుతుండగా ముఖం వేడెక్కితే "కొంచెంసేపు ఓర్చుకుందాం" అనుకోకండి, వెంటనే సిస్టర్‌ను పిలవండి. డ్రిప్ ఆపాలా, వేగం తగ్గించాలా అన్నది వాళ్లు చూస్తారు.

ఏ మందుతోనైనా సరే పెదవులు, నాలుక వాయడం, ఊపిరాడకపోవడం, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రం అది వేరే సంగతి. 108కి ఫోన్ చేయాలి.

"పరగడుపున వేసుకోండి." ఇది సరిగ్గా తలకిందులు. కొవ్వున్న నిండు భోజనంతో వేసుకుంటే రక్తంలో డైమిథైల్ ఫ్యూమరేట్ గరిష్ఠ స్థాయికి చేరే సమయం 2 గంటల నుంచి 5.5 గంటలకు జరుగుతుంది, ఆ గరిష్ఠం 40 శాతం తగ్గుతుంది. ఒంటికి అందే మొత్తం మాత్రం తగ్గదు. భోజనంతో వేసుకున్నవాళ్లలో ఎరుపు దాదాపు పావువంతు తగ్గింది. చాయ్, రెండు బిస్కెట్లు భోజనం కింద లెక్క కాదు. జొన్నరొట్టె, గుడ్డు, పల్లీల చట్నీ, గడ్డపెరుగు, ఇలాంటిది తిన్నాక వేసుకోండి. మింగడం కష్టమని క్యాప్సూల్ విప్పి చల్లలో కలుపుతుంటారు కొందరు. అది చేయకూడదు. లోపలి గుళికలకు కడుపులో కరగకుండా పూత ఉంటుంది, నూరితే పూత పోతుంది.

"రోజుకో యాస్పిరిన్." క్యాప్సూల్‌కు 30 నిమిషాల ముందు 325 మిల్లీగ్రాముల వరకు, పూత లేని యాస్పిరిన్ వేసుకుంటే ఎరుపు తగ్గుతుందన్నది నిజం. ఇంట్లో గుండె కోసం తెచ్చిన 75 మాత్ర తీసి, క్యాప్సూల్‌తో కలిపే మింగేసి "పని చేయలేదు" అంటారు. దాని స్ట్రిప్ తిప్పి చూడండి, చాలావాటిపై ఎంటెరిక్ కోటెడ్ అనో గ్యాస్ట్రో రెసిస్టెంట్ అనో ఉంటుంది. అది పేగులోకి వెళ్లాక గానీ కరగదు, అప్పటికే ముఖం కాలిపోతుంటుంది. అలాగని పూత లేనిదాన్ని నెలల తరబడి సొంతంగా వేసుకోవద్దు. కడుపులో పుండు, రక్తస్రావం రావొచ్చు, స్టెరాయిడ్ నడుస్తుంటే ముప్పు ఇంకా ఎక్కువ. వానాకాలంలో జ్వరమొస్తే అసలే ముట్టుకోకండి. డెంగీలో యాస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది.

"ఒంట్లో వేడి." మే నెలలో 43, 44 డిగ్రీల ఎండకు ఎవరి ముఖమైనా కందుతుంది. ఎంఎస్‌లో ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చూపు మసకబారి కాళ్లు తేలిపోవచ్చు, దీన్ని 1890లో ఉథాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు వర్ణించారు. ఒళ్లు చల్లబడితే తేరుకుంటారు. సబ్జా నీళ్లు తాగండి, తప్పేం లేదు, కానీ మెడ చుట్టూ తడి తువ్వాలు త్వరగా పనిచేస్తుంది. కూలర్ పెడితే కిటికీ కొంచెం తెరవాలి, మూసిన గదిలో తేమ పేరుకుని చెమట ఆరదు. కారమూ ముఖాన్ని ఎర్రబరుస్తుంది. అందులో తేజ మిర్చిది ఎక్కువ పాత్ర, మన వరంగల్ చపాటా మిర్చికి రంగే గానీ ఘాటు తక్కువ.

మందు టైంతో గానీ ఎండతో గానీ కలవని ఎరుపు కూడా ఉంటుంది. నెలసరి ఆగే వయసు, బీపీకి వాడే ఆమ్లోడిపిన్, ఎక్కువ మోతాదు నియాసిన్, థైరాయిడ్, రోజేషియా అనే చర్మ సమస్య: వీటికీ ఎంఎస్‌కూ సంబంధం లేదు. వెన్నుపాము పైభాగంలో మచ్చలున్నవాళ్లకు తల పగిలేంత నొప్పితో ముఖం ఎర్రబడి చెమటలు పడితే వెంటనే కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, మూత్రం గొట్టం మడత పడిందేమో చూసి, బీపీ కొలిపించండి. అరుదే గానీ ఆలస్యం చేయొద్దు.

రెండు వారాలు క్యాలెండర్ గడిలో మాత్ర టైం, ఎరుపు టైం, తిన్నది రాయండి. ఫోటో పగటి వెలుగులో, ముక్కుకు రెండు పక్కల మడతలు కనిపించేలా తీయండి. లూపస్ అనే మరో జబ్బులో ముఖం మీద వచ్చే ఎరుపు సాధారణంగా ఆ మడతలను వదిలేస్తుంది, గంటలో పోదు, రోజుల తరబడి ఉంటుంది.