యాంటెన్నాలు దూరం కోసమే కాదు
వై-ఫై రౌటరుకు యాంటెన్నాలు ఎక్కువుంటే సిగ్నల్ మరింత దూరం వెళ్తుందని, అంతకు మించిన ప్రయోజనం లేదని ఇటీవల చదివిన ఒక వ్యాసంలో రాసిన మాటతో నేను ఏకీభవించలేను. గోడలకు, ఇనుప బీరువాలకు తగిలి పరావర్తనం చెందిన తరంగాలు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకదాన్నొకటి రద్దు చేసుకునే చోట ఒక యాంటెన్నాకు దాదాపు ఏమీ అందకపోయినా, 2.4 గిగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లే కనుక, కొద్ది సెంటీమీటర్ల అవతలున్న రెండో యాంటెన్నాకు అదే సంకేతం బలంగా అందవచ్చు. గుంటూరు బ్రాడీపేటలోని మా అపార్ట్‌మెంటులో వంటగది గోడ వెనుక ఫోను జానెడు జరిపితేనే వేగం మారిపోవడం తరచూ గమనిస్తుంటాను. పైగా 2009లో వచ్చిన 802.11ఎన్ అనే వై-ఫై ప్రమాణం ఈ ప్రతిఫలనాలనే ఆసరాగా చేసుకొని, ఒకే ఛానెల్‌లో ఒకేసారి వేర్వేరు డేటా ప్రవాహాలను పంపే వీలు కల్పించింది. అయితే ఫోనులో రెండే యాంటెన్నాలుంటే, రౌటరుకు నాలుగున్నా ఆ ఫోనుకు రెండు ప్రవాహాలకు మించి అందవు. ఈ సంగతిని కొనేవారికి దుకాణాల్లోనే స్పష్టంగా చెప్పాలి.