ఎదుటివారిని చూసి వచ్చే కోపం

మిరప సీజను ముమ్మరంగా ఉన్న మార్చి నెలలో, గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక జరిగిన వాదన ఇది. పెదనాన్న మిర్చి యార్డులో 30 ఏళ్లు గుమాస్తాగా పనిచేసి మానుకున్నారు. మా చెల్లెలు అక్కడే ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తోంది. ఆమె పైనున్న పెద్ద గుమాస్తా నలుగురి ముందూ కాగితాలు విసిరికొట్టే మనిషి.

పెదనాన్న: సీజను నడిచినన్నాళ్లూ యార్డులో ఎవరి నోరూ చల్లగా ఉండదమ్మా. తెల్లవారకముందే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతాయి, ఘాటుకు కళ్లు మండుతాయి, కాటా దగ్గర కిలో తేడా వచ్చినా రైతు నిలదీసేది గుమాస్తానే. ఆయన అరిచేది నీ మీద కాదు, నెత్తిన ఉన్న బరువు మీద. కాటాలు ముగిసి, టీ తాగాక వెళ్లి అదే సంగతి అడిగి చూడు, నిదానంగా జవాబు చెబుతాడు. నేను అన్నేళ్లు నెట్టుకొచ్చింది వేళ చూసి మాట్లాడటం వల్లనే.

చెల్లెలు: వేళ చూడటం నేనూ నేర్చుకున్నాను, పెదనాన్నా. ఆయన మాత్రం మనిషిని చూస్తున్నారు. మొన్న ఎగుమతిదారు తరఫున వచ్చినాయన తేజ రకం బస్తాల లెక్క తప్పుగా చెప్పి అరగంట వృథా చేస్తే, నవ్వుతూ కుర్చీ వేయించారు. అదే పూట రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ, తక్‌పట్టీలో ఒక అంకె కొట్టివేసి రాసినందుకు నన్ను, బస్తా జారవిడిచినందుకు ఒక హమాలీని నోటికొచ్చినట్టు తిట్టారు. బరువే కారణమైతే ఆ కోపం ఎగుమతిదారు దగ్గర ఎందుకు ఆగింది? ఆపుకోగలిగిన కోపాన్ని స్వభావమంటే నేను ఒప్పుకోను.

పెదనాన్న: ఒప్పుకోకపోయినా మంచితనానికి లొంగని మనిషి ఉండడు. కింది వాటా ఆయన స్కూటరును గేటుకు అడ్డంగా పెట్టి మనల్ని రెండేళ్లు విసిగించలేదా? నేను వెళ్లి, వాళ్లబ్బాయి చదువు సంగతి అడిగి, మెల్లగా చెప్పాను. మర్నాటి నుంచి గోడవారగా పెడుతున్నాడు.

చెల్లెలు: మీరు కిందికి దిగే వేళకు మాత్రమే ఆయన అలా పెడుతున్నారు. పొద్దున్నే పాలు తెచ్చే అబ్బాయి ఇప్పటికీ సైకిలును ఎత్తి దాటిస్తున్నాడు.

(పెదనాన్న కొంతసేపు మాట్లాడలేదు. ఆ పాల అబ్బాయిని రోజూ చూస్తూ కూడా నాకు ఈ సంగతి తట్టలేదు.)

పెదనాన్న: సరే, ఏం చేస్తావు? పాతిక ఊళ్ల రైతులను పేరుపెట్టి పిలవగల గుమాస్తాను యజమాని సీజను మధ్యలో వదులుకుంటాడా? ఫిర్యాదుల పిల్ల అని పేరు పడితే పక్క కొట్టువాళ్లు కూడా నిన్ను పనికి పిలవరు.

చెల్లెలు: ఆయనను తీసేయమని నేను అడగను. ఏ తేదీన, ఎవరి ముందు, ఏమన్నారో, ఆ తరువాత ఏ పని ఆగిపోయిందో ఒక పుస్తకంలో రాస్తున్నాను. తిట్టు తిన్న భయంతో తప్పును చెప్పకుండా దాచిన రోజులు అందులో ఎన్నో ఉన్నాయి. యజమానికి నా బాధ పట్టకపోయినా ఆ నష్టం పడుతుంది. ఆడవారిపై లైంగిక వేధింపులకు 2013 నాటి చట్టం ఉంది, 10 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట కమిటీ ఉండాలి, మామూలుగా 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. అరుపులకు అలాంటి దారి లేదు కాబట్టే నా లెక్క నేనే రాసుకోవాలి.

పెదనాన్న: మా రోజుల్లో ఇలా రాయడాన్ని చాడీ అనేవారు.

చెల్లెలు: మీ రోజుల్లో తిట్లు తిన్న హమాలీలు ఏమయ్యారు?

పెదనాన్న: ఒకడు చెప్పకుండా వేరే కొట్టుకు వెళ్లిపోయాడు. వాడిని తిట్టినప్పుడు పక్కనే నిలబడి నేను కాటా చీటీ రాస్తున్నాను. సాయంత్రం వేళ చూసి యజమానితో చెబుదామనుకున్నాను.

(ఆ సాయంత్రం ఏమైందో ఆయన చెప్పలేదు, చెల్లెలూ అడగలేదు. పుస్తకం ఇటివ్వమని తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని రెండు పేజీలు తిరగేశారు.)

పెదనాన్న: తేదీలు వేశావు గానీ గంట వేయలేదు. గంట లేని లెక్కను ఏ యజమానీ నమ్మడు.