తాత కబ్జాలో రెండు గజాలు

అభివృద్ధికి అడ్డుపడేవాళ్లు అనగానే మనకు బతికున్నవాళ్లే గుర్తొస్తారు. ధర చాల్లేదని సంతకం పెట్టని రైతు, స్టే తెస్తానని తిరిగే వకీలు, జెండాలు పట్టుకుని వచ్చే పిల్లగాళ్లు. వీళ్లందరికీ మందు ఉంది, ఎవరికి ఏ మందు పనిచేస్తుందో మధ్యవర్తులకు తెలుసు. అసలు మొండిఘటాలు వేరే ఉన్నారని మొన్న మా చేన్లో సర్వే జరిగిన రోజు తెలిసింది. వాళ్లు ఫోన్ ఎత్తరు, అడ్వాన్స్ ముట్టుకోరు, దావత్‌కు పిలిస్తే రారు, బెదిరిస్తే బెదరరు. వేపచెట్టు కింద పడుకుని ఉంటారు, అంతే. మా తాత 1987 నుంచి అదే పని మీద ఉన్నాడు.

మాది పాత నల్గొండ జిల్లా, హుజూర్‌నగర్ దిక్కు. ఊరి పేరు ఎందుకులెండి, మేళ్లచెరువు, మఠంపల్లి, దామరచర్ల, ఎటు పోయినా ఒకటే కథ. పైన కొంచెం మట్టి, కింద సున్నపురాయి. మేం పైనున్న మట్టిలో పత్తి, మిరప పెట్టుకుని బతికాం, కింద ఉన్నదాని ధర తెలిసినవాళ్లు కార్లలో వచ్చారు. దేశానికి సిమెంటు కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. నేనుండే అద్దె ఇల్లు కూడా సిమెంటుదే. చిక్కల్లా ఒక్కటే, దేశానికి కావాల్సిన రాయి మీద మా తాత పడుకున్నాడు. ఆయనకు కుడి పక్కన ముత్తాత, కాళ్ల దిక్కు నెలల పిల్లగా ఉన్నప్పుడే పోయిన మా మేనత్త.

సిమెంటు గని కోసం సర్వేకు వచ్చినవాళ్లు మంచివాళ్లే, ఆ మాట ముందే చెప్పాలి. ఒకాయన చెట్లు లెక్కబెట్టాడు, ఒకాయన బావిలోకి టేపు వదిలాడు. ట్యాబ్ పట్టుకున్న పిల్లగాడు మాత్రం గోరీల దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ట్యాబ్‌లో ఇల్లు ఉంది, పశువుల కొట్టం ఉంది, బోరు ఉంది, ప్రహరీ ఉంది, కోళ్ల షెడ్డు కూడా ఉంది. గోరీ లేదు. పైకీ కిందికీ రెండుసార్లు జరిపి చూసి చివరికి 'ఇతరములు' మీద నొక్కాడు. ఊళ్లో నలుగురి పంచాయితీలు తెంపిన మనిషి, ఆ రోజు పొద్దున పదకొండున్నరకు ఇతరములు అయ్యాడు.

తర్వాత ప్రశ్న, పక్కానా కచ్చానా? తాతది పక్కా. పత్తికి ఒక ఏడు మంచి రేటు వచ్చినప్పుడు చిన్నాయన టైల్స్ వేయించాడు, బాత్‌రూముకు తెచ్చినవి మిగిలితే. నీలం చేపల బొమ్మలుంటాయి. తలవైపు నల్లరాతి పలక. పుట్టిన సంవత్సరం ఎవరికీ తెలియదు, జాగా ఖాళీగా ఉంటే బాగుండదని మేస్త్రీ అక్కడో తామరపువ్వు చెక్కాడు. తామరపువ్వు నుంచి 1987 దాకా మా తాత ఆయుష్షు. పిల్లగాడు టేపు పెట్టి ఆరు బై మూడు అని రాసుకున్నాడు. ముత్తాతది మట్టిదిబ్బ, తల దగ్గర ఒక నాపరాయి. కచ్చా. కచ్చాకు పైసా రాదట. మేనత్తకు అదీ లేదు, చుట్టూ పెట్టిన నాలుగు గుండ్రాళ్లు తప్ప, వాటిని ట్యాబ్ అసలు చూడలేదు. ఒకే ఇంట్లో పుట్టి ఒకే చేన్లో పడుకున్నవాళ్ల మధ్య ఇన్నేళ్లకు ఎక్కువ తక్కువలు వచ్చాయి. చిన్నాయనకు ఆ రాత్రి నిద్ర లేదు. ముందే తెలిస్తే ముత్తాతకు స్లాబ్ పోసి డబుల్ బెడ్‌రూమ్ లెక్క కట్టించేవాడినని ఒకటే బాధ. కట్టి చాలా ఏళ్లయింది కాబట్టి తాత మీద తరుగుదల కూడా తీస్తారని ఎవరో చెప్పేసరికి ఇంకో క్వార్టర్ తెప్పించాడు.

ఇక నేల లెక్క. ఆరు బై మూడు అంటే పద్దెనిమిది చదరపు అడుగులు, రెండు గజాలు. గుంటకు 121 గజాలు, ఎకరానికి 4,840. సందు లేకుండా సర్దితే ఎకరంలో 2,420 మంది తాతలు పడతారు. ఎకరం 20 లక్షలు అనుకుందాం (అనుకుందామనే అంటున్నాను, అసలు ధర మధ్యవర్తి చెవిలోనే చెప్తాడు), మా తాత వాటా 826 రూపాయలు. ఆదివారం పూట కిలో మటన్‌కు అటూ ఇటూగా సరిపోతుంది. ఈ 826 ఎవరి ఖాతాలో పడాలన్నది ఇంకో సంగతి. పాలుపంపకాలప్పుడు గోరీలున్న రెండు గుంటలు ఎవరికీ రాయకుండా ఉమ్మడిగా వదిలేశారు. పెద్దనాయన, చిన్నాయన గట్టు తగాదాతో పదేళ్లుగా మాటల్లేవు. ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటున్నారు. మైనింగ్ వల్ల మనుషులు విడిపోతారని ఎవరంటారో గానీ మా ఇంట్లో మాత్రం కలిశారు.

చట్టం మరీ గుండె లేనిదేం కాదు. 2013 భూసేకరణ చట్టంలో సొలేషియం అని ఒకటుంది, అంటే ఓదార్పు. నష్టపరిహారం మీద నూటికి నూరు శాతం ఓదార్పు. ఇంటికొచ్చి ఓదార్చే చుట్టాలు కూడా ఇంత కచ్చితంగా ఓదార్చరు. సామాజిక ప్రభావం అంచనా వేసేటప్పుడు శ్మశానాలను కూడా చూడాలని ఆ చట్టమే చెప్తుంది, నిర్వాసితుల కాలనీలో కులాల ఆచారాన్ని బట్టి పూడ్చడానికో కాల్చడానికో జాగా చూపాలని కూడా చెప్తుంది. బాగుంది. రేపు పోయేవాళ్లకు ఏర్పాటు ఉంది. చేను గట్టున ఎప్పుడో పోయినవాళ్ల కోసం షెడ్యూళ్లన్నీ తిరగేశాను, మా తాత ఎక్కడా తగల్లేదు. అదీ సర్కారు భూమి తీసుకుంటేనే. కంపెనీ నేరుగా కొనుక్కుంటే చట్టం మాట ఎత్తేవాడే ఉండడు, తోకలేని పిట్టలా మధ్యవర్తి బైకు ఒక్కటే తిరుగుతుంటుంది.

నన్నడిగితే మా తాత కేసు గట్టిది. పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారు కాలమ్ వేరు, కబ్జాదారు కాలమ్ వేరు. కాగితం ఎవరి పేరున ఉన్నా నేల మీద ఎవరున్నారో అందులో రాసేవాళ్లు. ఆ లెక్కన జిల్లా మొత్తంలో మా తాతను మించిన కబ్జాదారు ఎవరు? మేం పిల్లల చదువులని హైదరాబాద్ పోయి వనస్థలిపురంలో తేలాం, ఆయన ఒక్క పూట కూడా చేను వదల్లేదు. పక్క క్వారీలో బ్లాస్టింగ్ సైరన్ మోగితే మేమంతా రోడ్డు మీదికి పరుగెత్తుతాం, చేన్లో ఉండేది తాత ఒక్కడే. ఆ అదురుకు నీలం చేపల్లో ఒకటి రెండు ముక్కలైంది, అయినా కదల్లేదు. పన్నెండేళ్లు ఎదురులేకుండా ఉంటే హక్కు వస్తుందంటారు వకీళ్లు, ఆయనకు దానికి మూడింతలు దాటింది. కానీ ఏం లాభం, 2020 అక్టోబర్ 29న ధరణి అనే భూముల పోర్టల్ వచ్చి ఆ కబ్జా కాలమ్‌నే తీసేసింది. కౌల్దార్లు, సాదాబైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద, కొనుక్కున్నవాళ్లు లబోదిబోమన్నారు. తాత ఏమీ అనలేదు. 2025 ఏప్రిల్‌లో ధరణి బదులు భూభారతి వచ్చిందని చిన్నాయన అర్జీ పెట్టడానికి ఇంటర్నెట్ సెంటర్‌కు పోయాడు. అక్కడ పుట్టిన తేదీ అడిగితే ఫోన్లో తామరపువ్వు ఫొటో చూపించాడట.

తరలిస్తే ఏం పోయింది అంటారా, నిజమే, మన దిక్కు దేవుళ్లే తరలిపోయారు. శ్రీశైలం నీళ్లు ముంచుతాయని కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి గుడితో సహా విప్పి, రాయి రాయికీ నంబరేసి, అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. సాగర్ కట్టినప్పుడు లోయలో ఉన్న బౌద్ధ కట్టడాల్లో కొన్నింటిని నాగార్జునకొండ మీదికి, అనుపుకు చేర్చారు. అదే పద్ధతిలో మా తాతకు నంబర్లు వెయ్యలేమా? మనిషికి ఎముకలు 206 అని చిన్నప్పుడు చదివాం, ఒక పూట పని. కాకపోతే సంగమేశ్వరుడికి పురావస్తు శాఖ దొరికింది, తాతకు జేసీబీ డ్రైవర్ దొరికాడు.

ఆ శాఖనే పట్టుకుందామని చూశాను. 1958 చట్టం ప్రకారం పురాతన కట్టడం అనిపించుకోవాలంటే కనీసం నూరేళ్లు నిండాలి. అంటే 2087 దాకా టిప్పర్లను పక్కకు ఆపుకోమనాలి. కృష్ణ ఒడ్డున ముడుమాల్‌లో నిలువురాళ్లున్నాయి, వేల ఏళ్ల కిందటివి, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. సంతోషం. చావు కూడా పాతబడాలి, ఊరగాయ లెక్క. మా తాతది ఇంకా ఊరలేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, లేకపోతే తాత కలలోకొచ్చి అడుగుతాడు. మా చేన్లో రాకాసిగుళ్లు, అంటే ఎప్పటివో పాతకాలపు సమాధులు, ఉండేవి. చుట్టూ గుండ్రంగా పెద్ద రాళ్లు, నడుమ బండలతో చేసిన పెట్టె. చెల్క చదును చేసేటప్పుడు వాటిని పీకించింది మా తాతే. నల్లవీ ఎర్రవీ కుండపెంకులు, ఏవో ఎముకలు వచ్చాయట, గట్టు అవతల పోశారు. ఆ బండల్లో ఒకటి ఇప్పటికీ మా కొట్టంలో కుడితి తొట్టి కింద ఉంది, ఇంకోదాని మీద మా అమ్మ బట్టలుతుకుతుంది. వాళ్లకు కూడా మనవలు ఉండి ఉంటారు, వాళ్లకు 826 కూడా రాలేదు.

అప్పుడంటే ప్రజాభిప్రాయ సేకరణ లేదు, ఇప్పుడుంది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్‌లో నాకు బాగా నచ్చిన మాట, ఆ సభకు కోరం అక్కర్లేదు. ఎవరూ రాకపోయినా సభ జరిగినట్టే. చచ్చిపోయినవాళ్లకు ఇంత అనువైన సభ ఇంకోటి లేదు. మా దగ్గర షామియానా వేశారు, మజ్జిగ ప్యాకెట్లు పంచారు, పోలీసులు సగం జనం సగం. మా వాడకట్టు పెద్దమనిషి మైకు గుంజుకుని "మా గోరీల సంగతేంది సార్?" అన్నాడు. చివర్లో సభలో ఏమేం మాట్లాడారో చదివి వినిపించాలి, అది రూలు. అందులో ఆయన మాట "సాంస్కృతిక అంశాలు పరిశీలించబడును" అని వచ్చింది. ఆయన పక్కనోణ్ణి గోకి అడిగాడు, "నేను గిట్లన్ననా?"

కంపెనీ తరఫున వచ్చినాయన పెద్దమనసుతో ఒక దారి చూపాడు, వైకుంఠధామం. పల్లెప్రగతి పథకంలో ఊరూరికీ ఈ శ్మశానాలు కట్టారు కదా, తాతను అక్కడికి మారుద్దాం, ఖర్చు మాది అన్నాడు. మా ఊళ్లో అది డంపింగ్ యార్డు పక్కన ఉంటుంది, కాల్చడానికి దిమ్మెలున్నాయి గానీ పూడ్చడానికి తవ్వితే రాయి తగులుతుంది. (ఆ రాయి కూడా సున్నపురాయే, కాబట్టి తాతకు అక్కడ ఎన్నాళ్లు వీసా ఇస్తారో అడిగి రాయించుకోవాలి.) బొందితో వైకుంఠానికి పోయినవాళ్ల గురించి హరికథల్లో విన్నాం. బొందతో సహా పోయే మొదటి మనిషి మా తాతే. అలా తీసి మళ్లీ పెడితే మైల పడుతుందా, దినాలు మళ్లీ చెయ్యాలా, చేస్తే ఆఫీసులో సెలవు ఏమని అడగాలి? అయ్యగారిని అడిగితే శాస్త్రంలో మైనింగ్ లేదు నాయనా అన్నాడు.

నా వంతుగా ఒక సూచన చేస్తాను. మా జిల్లాకు ఈ పనిలో పేరుంది. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను కిందికి దించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీశాం, చేన్లోంచి తాతను తియ్యలేమా, దానికి నల్గొండ టెక్నిక్ రెండు అని పేరు పెట్టుకోవచ్చు. అసలు తియ్యకపోయినా నష్టం లేదు. ఎముకలో ఉన్నదీ కాల్షియమే, సున్నపురాయిలో ఉన్నదీ కాల్షియమే. రాయితోపాటే 1,450 డిగ్రీల కొలిమిలోకి పంపితే సిమెంటుకు పనికొచ్చే క్లింకర్ అయి ఏ ఫ్లైఓవర్ స్తంభంలోనో నిలబడతాడు, హైదరాబాద్ చూడాలని ఆయనకు ఎప్పటినుంచో ఉండేది. అప్పుడు మాత్రం రాయల్టీ మాకు రావాలి. కేసులంటారా, సమాధుల జాగాలో చొరబడి అవమానిస్తే ఏడాది దాకా జైలని భారతీయ న్యాయ సంహిత 301లో ఉంది, కానీ మనసు నొప్పించాలనే ఉద్దేశం ఉండాలి, కనీసం నొచ్చుకుంటారని తెలిసుండాలి. కంపెనీకి బోర్డు ఉంటుంది, రిజిస్టర్డ్ ఆఫీసు ఉంటుంది, ఉద్దేశం ఏ అంతస్తులో ఉంటుందో మా వకీలు కూడా చెప్పలేకపోయాడు.

సర్వే రోజు మా నాయనమ్మ వేపచెట్టు కిందే కూర్చుని ఉంది. ఎనభై దాటాయి, చెవులు సగం పోయాయి, చూపు బాగానే ఉంది. పెత్రమాస వచ్చిందంటే పొద్దున్నే చేనుకు పోయి గోరీల చుట్టూ ఊడ్చి అన్నం పెట్టి వస్తుంది. ఊడ్చేటప్పుడు తాతకు ఎడమ పక్కన ఉన్న జాగా కూడా ఊడుస్తుంది, కంప పడనివ్వదు, గొర్రెలను కూర్చోనివ్వదు. ట్యాబ్ పిల్లగాడికి ఆ శుభ్రం చూసి అనుమానమొచ్చింది.

"అవ్వా, ఇది ఖాళీ జాగానా?"

"ఖాళీ ఏంది బిడ్డా, అది నాది."

పిల్లగాడు ట్యాబ్ వంక చూశాడు, మా వంక చూశాడు, కాసేపు గీకి 'ఖాళీ స్థలం' అని పెట్టుకున్నాడు. నాయనమ్మకు అది వినపడలేదు. లేచి, టేపు పట్టుకున్న చోటికి పోయి, తాతకు ఎంత రాశావని అడిగింది. ఆరడుగులని చెప్పాడు.

"ఆయన గంత పొడుగు లేకుండె. ఐదున్నర ఉంటడు. సరిగ్గ రాయి. మిగిలిన అర్ధడుగు నా జాగల కలుపు."