సవరణ: మెకిన్నీస్ కాటన్ పికర్స్ రికార్డుల్లో డ్రమ్స్ ఎవరివి?

మెకిన్నీస్ కాటన్ పికర్స్ 1920ల నాటి డెట్రాయిట్ జాజ్ బృందం. దాని గురించిన ముందు టపాలో "విలియం మెకిన్నీ డ్రమ్స్, 1929 నాటి పియానో టాడ్ రోడ్స్" అని ఉంది. రెండూ మార్చాలి.

మెకిన్నీ డ్రమ్మరే, కానీ ఒహాయో రోజుల్లో మాత్రమే. విక్టర్ రికార్డు కంపెనీకి 1928 జులైలో రికార్డింగ్ మొదలయ్యేనాటికే ఆయన కర్రలు క్యూబా ఆస్టిన్‌కి అప్పగించి, వ్యవహారాలు చూసుకునే పనికి మారాడు. పేరు ఆయనది, వాద్యం ఆస్టిన్‌ది. సంగీతం మాత్రం దాన్ని కూర్చి నడిపించిన డాన్ రెడ్‌మన్‌ది. 1927లో న్యూయార్క్ బృంద నాయకుడు ఫ్లెచర్ హెండర్సన్ దగ్గర్నుంచి రెడ్‌మన్‌ని డెట్రాయిట్‌కి తెచ్చింది అక్కడి బృందాల నిర్వాహకుడు జాన్ గోల్డ్‌కెట్. అసలు బృందం ఎదుగుదలని మెకిన్నీ ఖాతాలో వేయడమే అన్యాయం.

1929 నవంబరు రికార్డులతో జాగ్రత్త. అవి న్యూయార్క్‌లో జరిగాయి. డెట్రాయిట్ నుంచి వెళ్లింది కొద్దిమందే, మిగతా చోట్ల బయటివాళ్లు వాయించారు: టెనర్ సాక్సోఫోన్ కోల్‌మన్ హాకిన్స్, డ్రమ్స్ కైజర్ మార్షల్, పియానో ఫ్యాట్స్ వాలర్. వాలర్ కొన్నిచోట్ల చెలెస్టా అనే మీటల వాద్యం కూడా వాయించాడు. చిన్న గంటల్లాంటి ఆ నాదం వినిపిస్తే అది రోడ్స్ పని కాదు. లేబుల్ మీద బృందం పేరే ఉంటుంది కాబట్టి అది చూసి వాద్యకారుల్ని రాస్తే తప్పుతుంది; తేదీ చూడాలి.

ఇంకొకటి: 1928 అక్టోబరులో ఓకే కంపెనీకి "చాక్లెట్ డాండీస్" పేరుతో వాయించింది వీళ్లే, గిటార్‌కి లానీ జాన్సన్ తోడు. తర్వాత అదే పేరుతో వచ్చిన బెనీ కార్టర్ రికార్డులు వేరే బృందానివి, ఈ బృందం రికార్డుల జాబితాలో కలపకూడదు.