ప్లాస్టిక్ స్టూలు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్లాస్టిక్ స్టూలు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే. కానీ తమ వ్యవహారంలో ఉభయులూ కుశలంగా ఉండటం అరుదు. ఏం జరిగినా తమరు క్షేమమే. పక్కకు దొర్లుతారు, ఎవరో ఎత్తి మూలన పెడతారు, అంతటితో సరి. విరిగే తుంటి, మణికట్టు తమ మీద నిలబడ్డవారివి.

ఇంట్లో తమ హోదా మాత్రం చూసి తీరాలి. పుట్టింది కూర్చోబెట్టడానికి. చేసే ఉద్యోగాలు వేరు. బల్బు మార్చాలంటే నిచ్చెన, ఫ్యాను తుడవాలంటే వేదిక, అటక మీది సూట్‌కేసు దించాలంటే మెట్టు, స్నానాల గదిలో సింహాసనం. ఇన్ని శాఖల అదనపు బాధ్యతలు ఒక్కరికే అప్పగించే ఉత్తర్వు మూడే మాటలు: ‘ఒక్క నిమిషం పనే’. పక్కగదిలో నిచ్చెన ఉన్నా సరే, దాన్ని తెచ్చి విప్పాలంటే రెండు నిమిషాలు పడుతుంది కాబట్టి తమకే పిలుపు.

ముందు తమ ఆరోగ్యం సంగతి మాట్లాడుకుందాం. తమరు చాలావరకు పాలీప్రొపిలీన్. ఏళ్ళ తరబడి ఎండపొడ తగిలే చోట ఉంటే అతినీలలోహిత కిరణాలు ఆ ప్లాస్టిక్‌లోని పొడవాటి అణుగొలుసుల్ని తెంపేస్తాయి. రంగు వెలిసిపోతుంది, వేలితో రుద్దితే సుద్దపొడిలా అంటుకుంటుంది. అప్పటికే తమరు పెళుసుబారారన్నమాట. కొత్త ప్లాస్టిక్ బరువెక్కువైతే ముందు వంగుతుంది, ఎక్కినవారికి అనుమానమైనా వస్తుంది. పెళుసుబారింది ముందుగా చెప్పదు, ఒక్కసారే ఫట్‌మంటుంది. పగులు మొదలయ్యేది కాలు పైపలకను కలిసే మూలలో. తిరగేసి చూస్తే సన్నటి తెల్లగీత కనిపిస్తుంది. కానీ తమను తిరగేసి చూసేదెవరు?

కొందరికి తమ అడుగున అచ్చుపోసిన కిలోల అంకె మీద గొప్ప నమ్మకం. ఆ అంకె నిమ్మళంగా కూర్చున్న మనిషిని తలుచుకుని వేసింది. పైన నిలబడి, ఒక కాలి మడమ లేపి, ఫ్యాను అవతలి రెక్కకు చెయ్యి చాచిన మనిషిని తలుచుకుని కాదు. అలా చాచినప్పుడు బరువంతా ఒకటి రెండు కాళ్ళ మీదికే పోతుంది. నున్నటి టైల్సు మీద ఆ కాళ్ళు బయటికి జారతాయి. మనిషి బరువు నాలుగు కాళ్ళ మధ్యనున్న చదరం దాటిందంటే తమరెంత గట్టివారైనా తిరగబడక తప్పదు. ఆ క్షణాన చేత్తో పట్టుకోవడానికి తమ దగ్గర ఏమీ లేదు. (తమను మంచం మీద నిలబెట్టి ఆ పైన ఎక్కే ధీరులూ ఉన్నారు. వారికి విడిగా లేఖ రాస్తాం.)

ఇక ఎక్కేవారు. అరవై దాటినవారు పడితే అందరూ ‘వయసు’ అంటారు, తమరు నిర్దోషిగా బయటపడతారు. వయసన్నది గంపగుత్త మాట. విడదీసి చూస్తే కారణాలు చాలానే దొరుకుతాయి. తల వెనక్కి వాల్చి పైకి చూస్తే కొందరికి లోపలి చెవిలో కదిలిన సన్నటి కాల్షియం రేణువుల వల్ల గది గిర్రున తిరుగుతుంది. రెండు పవర్ల కళ్ళజోడులో కింది సగం చదవడానికి పెట్టింది. దిగేటప్పుడు అందులోంచే నేలను చూస్తే మసకగా, లోతు తప్పుగా కనిపిస్తుంది, అడుగు గాల్లో పడుతుంది. షుగరు చాలాకాలంగా ఉన్నవారికి అరికాళ్ళు మొద్దుబారి ఉంటాయి, తమ అంచు ఎక్కడ అయిపోయిందో పాదానికి తెలియదు. నిద్రమాత్ర మగత తెల్లారాక కూడా కొంత మిగులుతుంది. బీపీ మందులు, ఒంట్లో నీరు తగ్గించే మందులు వాడేవారిలో కొందరికి లేవగానే కళ్ళు బైర్లు కమ్ముతాయి.

ఈ చివరిదాన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. అయిదు నిమిషాలు పడుకుని బీపీ చూడాలి. లేచి నిలబడ్డ ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరోసారి చూడాలి. పడుకున్నప్పటి కంటే పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని, లేదా అంతకు మించి గాని తగ్గితే ఆ కాగితం డాక్టరుకు చూపించాలి. మందులు ఎవరంతట వారు మానేయడం మాత్రం తమ మీద ఎక్కడం కంటే తెలివైన పని కాదు.

మా అభ్యంతరం ఇంటిపని మీద కాదు. ‘మీరు ఊరికే కూర్చోండి, ఏమీ ముట్టుకోకండి’ అని పెద్దవారిని కుర్చీకి అతికించే పిల్లలు తెలియకుండానే తమ పార్టీలో చేరుతున్నారు. పని మానిన కాళ్ళు ఇంకా నీరసిస్తాయి. కావలసింది నేలమీద నిలబడి చేయగలిగేలా పనిని మార్చుకోవడం. ఫ్యానుకు పొడవు పెంచుకునే కర్ర, చివర వంకీలా వంగిన బ్రష్షు ఉంటే చాలు. స్విచ్చి ఆపి, రెక్కలు పూర్తిగా ఆగాక, ఒక్కో రెక్కనూ మధ్యనుంచి చివరకు లాగాలి. కింద పాత దుప్పటి పరిస్తే దుమ్ము దానిమీదే పడుతుంది. బూజుకర్రదీ అదే దారి. బల్బుల విషయంలో ఒకటి పోయినప్పుడల్లా ఒకటి మార్చే అలవాటే తమకు జీతం ఇస్తోంది. ఎవరైనా చేయగలవారు వచ్చిన రోజున ఎత్తులోవన్నీ ఒకేసారి ఎల్‌ఈడీలకు మార్పిస్తే మేలు. 15,000 గంటలని రాసి ఉన్న బల్బు రోజుకు అయిదు గంటలు వెలిగినా లెక్కప్రకారం ఎనిమిదేళ్ళు. వారానికోసారైనా వాడే సామాను మోకాలికీ భుజానికీ మధ్య అరల్లోకి రావాలి. అటక మీద మిగిలేవి ఏడాదికోసారి దించేవే, అవీ ఇంకొకరు దించేవే.

ఎక్కక తప్పకపోతే, తలతిరుగుడు లేనివారికి, అరికాళ్ళు మొద్దుబారనివారికి, రక్తం పలచబరిచే మందులు వాడనివారికి మాత్రమే రెండు మూడు మెట్ల మడత నిచ్చెన. మెట్టు పాదమంతా పట్టేంత వెడల్పుండాలి, పైన నడుమెత్తున పట్టుకునే కడ్డీ ఉండాలి, నాలుగు కాళ్ళకూ రబ్బరు బుష్‌లుండాలి. మధ్యలో గొళ్ళెం పూర్తిగా పడిందో లేదో చేత్తో నొక్కి చూడాలి. బొడ్డు రెండు నిలువు కడ్డీల మధ్యనే ఉండాలి. అది బయటికి పోయిందంటే చెయ్యి ఎక్కువ చాచినట్టే, దిగి నిచ్చెన జరపాలి. దిగేటప్పుడూ ముఖం నిచ్చెన వైపే.

స్నానాల గదిలో తమ కొలువు ఇంకా ఘోరం. అక్కడ ఎత్తు ప్రమాదం లేదు గాని, సబ్బు జిడ్డుంది. నీళ్ళలోని సున్నం సబ్బుతో కలిసి టైల్సు మీద కంటికి కనపడని పొర కడుతుంది, పొడిగా ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది, తడి తగిలితే జారుతుంది. వారానికోసారి బ్రష్షుతో రుద్ది కడగాల్సిందే. యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ కలిపి వాడితే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం, కాబట్టి ఎప్పుడూ ఏదో ఒక్కటే. తమ ప్లాస్టిక్ కాళ్ళకు ఆ తడినేల మీద పట్టు ఉండదు. పైగా పొట్టిరకమైతే అందులోంచి లేవడానికి మోకాళ్ళు ఒప్పుకోవు, ఒంటిచేత్తో తమ అంచు నొక్కి లేస్తే తమరు రెండోపక్కన లేస్తారు. ఆ ఉద్యోగానికి అర్హత ఉన్నది ఎత్తు మార్చుకునే కాళ్ళు, వీపు, చేతులు ఉన్న స్నానపు కుర్చీ. కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్ళు తుంటి కంటే ఎత్తుకు రాకూడదు. కాళ్ళ రబ్బరు బుష్‌ల గాడులు అరిగి నున్నబడితే బుష్‌లు మార్చాలి. చేతికర్రకూ ఇదే నియమం, కర్ర కొన్నవారిలో చాలామంది దాని అడుగు మళ్ళీ చూడరు.

గోడకు పట్టుకడ్డీ నేలనుంచి 84–91 సెంటీమీటర్ల ఎత్తున, టైలు వెనక గట్టి గోడలోకి యాంకర్ బోల్టులు దింపి బిగించాలి. గాలి పీల్చి అతుక్కునే రబ్బరు గిన్నెల రకం మనిషి బరువుకు పనికిరాదు. తువ్వాలు కడ్డీ తువ్వాలుకే. వేడినీళ్ళ స్నానం రక్తనాళాల్ని వెడల్పు చేసి బీపీ తగ్గిస్తుంది, కనుక అయ్యాక ఒక నిమిషం కూర్చుని లేవాలి.

కాళ్ళ సంగతి ఇందాక సగంలో వదిలాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు 65 దాటినవారికి వారంలో మూడు రోజులైనా బ్యాలెన్సు, బలం పెంచే వ్యాయామాలు చెప్పాయి. దానికి పరికరం ఒక్కటే, కుర్చీ. (తమరు కాదు.) 43 సెంటీమీటర్ల ఎత్తు కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టుకోవాలి. 65–69 ఏళ్ళ మగవారు 12, ఆడవారు 11 చేయలేకపోతే కాళ్ళ బలం సగటు కంటే తక్కువని అర్థం. సాధనకు ఎనిమిది పది సార్లు, కాస్త ఆగి మళ్ళీ అన్నే. కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి, దభీమని కూలబడితే తొడ కండరాలకు దక్కాల్సిన సగం పని పోయినట్టే. తర్వాత వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం. ఆపైన ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్ళు ఆనించి పది సెకన్లు నిలబడటం, చెయ్యి గట్టుకు దగ్గరలోనే ఉంచి. పది సెకన్లు నిలవలేనివారు తమ దగ్గరికి రాకూడదు.

ఇంత చెప్పినా ఎక్కి పడేవారుంటారు. వారి కోసం ఒక మాట, తమరు వినకపోయినా. పడగానే గబుక్కున లేవకూడదు. తుంటి దగ్గర విపరీతమైన నొప్పి ఉండి, కాలు పొట్టిగా, బయటికి తిరిగినట్టు కనిపిస్తే కదలకుండా అంబులెన్సు పిలిపించాలి, చుట్టుపక్కలవారు చంకల్లో చేతులేసి లేపకూడదు. దెబ్బ లేదనిపిస్తే పక్కకు దొర్లి, మోకాళ్ళూ చేతుల మీదికి వచ్చి, బరువైన కుర్చీ దాకా పాక్కుంటూ వెళ్ళాలి. రెండు చేతులూ దాని మీద పెట్టి, బలమున్న పాదం ముందుకు వేసి లేచి, తిరిగి కూర్చోవాలి. అప్పుడు కూడా దగ్గర్లో ఉన్నారు కదా అని తమనే పట్టుకుంటారు, తమరు మళ్ళీ వారిమీదే పడతారు. తలకు తగిలి, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవారైతే బాగానే ఉన్నట్టున్నా ఆసుపత్రికి పోవాలి. లోపలి రక్తస్రావం రోజుల తర్వాత కూడా తలనొప్పిగానో, మతిమరుపుగానో, మగతగానో బయటపడుతుంది.

అందుచేత తమకు బదిలీ ఉత్తర్వులు జారీ చేయడమైనది. పగుళ్ళు లేనివారు నీడపట్టున, ఎవరినీ ఎక్కించుకోకుండా, ఉతికిన బట్టల బుట్ట మోయవచ్చు. తెల్లగీత కనిపించినవారికి పదవీవిరమణ. వారిని అలాగే గుమ్మం బయట పెట్టకూడదు, బాగానే ఉందనుకుని ఎవరో పట్టుకుపోయి మళ్ళీ ఎక్కుతారు. ముందు ఒక కాలు రంపంతో కోసేసి, ఆ తర్వాతే చెత్తబండికి అప్పగించాలి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ సేవలు ఇక అక్కర్లేనివారు